మా ఇంట్ల అడిగి చెప్త

"మంచిగనే ఉంది చిచ్చా. మా ఇంట్ల అడిగి చెప్త."

ఈ మాట అని, విప్పించిన గుడ్డను అట్లాగే బల్ల మీద వదిలేసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయేవాళ్ళను నేను రోజూ చూస్తాను. ఆ గుడ్డను మళ్ళీ చుట్టి అరలో పెట్టడం నా పని. చుడుతూ చుడుతూ ఈ 'ఇంట్ల' అనే ఆమె ఎట్లా ఉంటుందో అనుకుంటాను.

మా దిక్కు మగవాళ్ళు బయట పెళ్ళాం పేరెత్తరు. నలుగురిలో పెళ్ళాం అని కూడా అనరు. మా ఇంట్ల అంటారు. మా ఇంట్ల జరం వచ్చింది అంటే ఆమెకు జ్వరం. మా ఇంట్ల ఊరికి పోయింది అంటే ఆమె పుట్టింటికి పోయింది. మా ఇంట్ల కోపమొచ్చింది అంటే ఆ పూట అతను హోటల్లో తింటున్నాడు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. కానీ పెళ్ళయి నేనూ ఒకరి 'ఇంట్ల' అయ్యాక, ఈ దుకాణంలో పనికి కుదిరాక, ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా చేతిలో పని ఆగిపోతుంది. ఎందుకంటే దుకాణాల్లో వినబడే ఆ ఇంట్ల మామూలు మనిషి కాదు. ఆమెకు నచ్చకపోతే మొగుడు కొనడు. ఆమెకు ఆకుపచ్చ పడదు. పువ్వుల గుడ్డంటే ప్రాణం. ఆమె మొండిది. ఆమె మాట దాటితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. బోధన్ బజారులో గుడ్డ దుకాణం కానీ, రంగుల దుకాణం కానీ, బండల దుకాణం కానీ, ఎక్కడ నిలబడ్డా మగవాళ్ళు ఆమెకు భయపడుతూ కనబడతారు.

నేను ఎన్నో ఇళ్ళ లోపలికి పోతాను. ఆమె ఒక్క ఇంట్లో కూడా నాకు కనబడలేదు.

నా పేరు శారమ్మ. నందిపేట్ దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నాను. పెళ్ళి చేసుకుని బోధన్‌కు వచ్చి, చర్చి వెనక గల్లీలో కాపురం పెట్టాను. చీరలకు ఫాల్స్ కుడుతూ ఇంట్లోనే ఉండేదాన్ని. ఒకరోజు హుసేన్ బీ అనే పెద్దామె వచ్చి, నా కుట్టు చూసి, "మా తమ్ముని దుకాన్ల పని జేస్తవా బిడ్డా?" అని అడిగింది. ఆ తమ్ముడే ముష్తాక్ చిచ్చా. కిటికీ పర్దాలు, తలుపు పర్దాలు, సోఫాల మీది గుడ్డలు, దివాన్ దుప్పట్లు అమ్ముతాడు. పాత ముస్లిం కుటుంబాల్లో పర్దా కోసం కిటికీ కొలవాలంటే మగవాణ్ణి లోపలికి రానివ్వరు. అన్ని ఏళ్ళూ హుసేన్ బీయే పోయి కొలిచి వచ్చేది. ఆమెకు కళ్ళు మసకబారాయి. ఆమె చోట్లోకి నేను వచ్చాను.

మొదట ముస్లిం ఇళ్ళకే పోయేదాన్ని. తర్వాత అందరూ ఆడమనిషినే పంపమనసాగారు. చందూర్, వర్ని దిక్కు చెరుకు పండించే ఇళ్ళ నుంచి కూడా కబురు వచ్చేది. ఆ ఏళ్ళల్లో మా దగ్గర ఇళ్ళన్నీ ఒక్కసారే వేషం మార్చుకుంటున్నట్టు ఉండేది. చెరుకు బిల్లులు పడ్డాయంటే పెంకులు దిగి స్లాబులు లేచేవి. మస్కట్ నుంచి, దుబాయి నుంచి డ్రాఫ్టు వచ్చిందంటే షాబాదు బండలు పోయి పాలరాయి వచ్చేది. ఒక ఏడాది ఎవరింట్లో చూసినా గోడంత అద్దాల షోకేసు. ఇంకో ఏడాది అందరికీ సోఫా, ఆ సోఫా మాసిపోకుండా దాని మీద గుడ్డ, ఆ గుడ్డ మాసిపోకుండా దాని మీద టవలు. టీవీకి కుచ్చుల ముసుగు. నిజామాబాదులో మూడంతస్తుల షోరూము ఒకటి తెరిచారు. అక్కడ సోఫా కొంటే పర్దా గుడ్డ కూడా అక్కడే దొరికేది. మాలాంటి సందు దుకాణాలు ఒకటొకటే మూతపడ్డాయి.

ముష్తాక్ చిచ్చా దుకాణం మాత్రం మూతపడలేదు. కొత్త సరుకు తెప్పించే ముందు ఆయన నన్ను పిలిచి చాయ్ పోయించేవాడు.

"చెప్పు బేటీ. లోపల ఏమనుకుంటున్నరు? ఈసారి ఏం తెప్పియ్యాలె?"

నేను చూసింది చెప్పేదాన్ని. చందూర్‌లో ఒక రైతు కొత్త ఇల్లంతా పాలరాయి పరిపించాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పులు విడిపించి మరీ చూపించేవాడు. నేను పడకగది కిటికీ కొలుస్తుంటే ఆ ఇంటామె తలుపు దగ్గరగా వేసి, "శారవ్వా, స్నానం జేసి తడికాళ్ళతోని వస్తుంటే పానం అరచేతుల వెట్టుకొని నడుస్తున్న. ఒక గోనెపట్ట ఏసుకుంటె, రాయి కనవడకుంట జేస్తున్నవని తిడుతున్నడు" అంది. ఆ మాట చిచ్చాకు చెప్పాను. ఆయన చూడ్డానికి అందంగా ఉండి, కింద రబ్బరు అంటించిన పట్టలు తెప్పించాడు. వాటిని పాలరాయి కంటే అందంగా ఉన్నాయని చెప్పి మగవాళ్ళకే అమ్మాడు. ఇంకొక ఇంట్లో ఒకామె, "పర్దా లావుగ ఉంటె గల్లీల ఎవలు పోతున్నరో కనవడది. నాకు గదే కాలక్షేపం" అంది. చిచ్చా జల్లెడలాంటి పలుచటి తెల్లగుడ్డ తెప్పించాడు. లోపలివాళ్ళకు బయట కనబడుతుంది, బయటివాళ్ళకు లోపల కనబడదు. ఆ ఏడాది రంజానుకు దాన్ని కుట్టలేక నా వేళ్ళు వాచాయి.

"షోరూమోళ్ళకు ఇంటి మొఖమే తెల్సు. నీకు ఇంటి కడుపు తెల్సు" అనేవాడు చిచ్చా.

మా ఇంటి సంగతి ఆయన ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా ఆయన పేతురు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. తాగడు, చెయ్యెత్తడు. చర్చిలో క్రిస్మస్ పందిరి వేసినా, ఎవరింట్లో చావు జరిగినా ముందు నిలబడేది ఆయనే. మనిషి పొడుగు. నేను ఆయన ఛాతీ దాకా వస్తాను. మా పెళ్ళి ఫోటోలో నన్ను ఎత్తుపీట మీద నిలబెట్టారు. మా ఇంటికి పెంకుల కప్పు, రెండు గదులు, వెనక రేకుల కింద వంట. కింద కూర్చుని వండడమే. వానాకాలంలో కట్టెలు తడిసి పొగకు కళ్ళు పోయేవి. గ్యాసు వచ్చాక ఆయన ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే, "వెనక స్లాబు ఏపిస్తున్న. నిలవడి వండే వంటిల్లు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నేను ఇన్ని ఇళ్ళల్లో నిలబడి వండే గట్లు చూశాను. కొలతలు తీసుకున్నాక ఆడవాళ్ళు చాయ్ పెడుతుంటే నేను కూడా ఆ గట్టు పక్కన నిలబడేదాన్ని. ఎవరూ చూడకుండా మోచెయ్యి మడిచి దాని మీద ఆనించి చూసేదాన్ని. అన్నీ ఎత్తే. కొన్నిటి దగ్గర నా భుజాలు చెవుల దాకా లేచేవి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళ భుజాలు కూడా అట్లాగే లేచి ఉండేవి. అలవాటైపోయి, దించమన్నా దిగనట్టు ఉండేవి.

ఒక్క చోట మాత్రం నా ఎత్తు గట్టు దొరికింది. బోధన్‌లోనే, నసీమా అనే అమ్మాయి ఇంట్లో. ఆమె భర్త మస్కట్‌లో ఉంటాడు. మామ ఇంటికి ఏటేటా ఏదో ఒకటి చేయిస్తుంటాడు. పాత షాబాదు బండల మీదే ఒకసారి మొజాయిక్ వేయించాడు, దాని మీదే మళ్ళీ పాలరాయి పరిపించాడు. నేల పైకి లేచింది, గట్టు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. అట్లా అది కిందికి దిగింది. నసీమా నవ్వుతూ, "మామకు సిగ్గయితుంది. పలగ్గొట్టి ఎత్తు జేపిస్తడట. నువ్వు జర చాయ్ వడగట్టు శారమ్మా, పిల్ల ఏడుస్తుంది" అని లోపలికి పోయింది.

నేను చాయ్ వడగట్టాను. గిన్నె దించాను, గ్లాసులు పెట్టాను, పట్టకారు కడిగాను. నా మోచేతులు పక్కటెముకలకు ఆనుకుని ఉన్నాయి. గిన్నెలో ఏముందో పైనుంచి కనబడుతోంది. ఆవిరి మొహానికి తగలలేదు. నాకు భుజాలున్నాయన్న సంగతే గుర్తు రాలేదు. నసీమా వచ్చేసరికి నేను చాయ్ ముట్టకుండా గట్టుకు ఆనుకుని అట్లాగే నిలబడి ఉన్నాను. "ఏమైంది?" అంది. "ఏం గాలే" అన్నాను. ఆ రోజు ఇంటికి పోతుంటే ఎవరినో విడిచి పోతున్నట్టు ఉంది. పెళ్ళయి మా ఊరు దాటి వస్తున్నప్పుడు కూడా నాకు అంత బెంగ కలగలేదు.

అందుకే వంటిల్లు మాట వినగానే నాకు ఆ గట్టే కళ్ళల్లో మెదిలింది. అన్నం వడ్డిస్తూ, "గట్టు కొంచెం..." అన్నాను.

"ఆ, మంచిగుంటది. నల్లరాయి ఏపిస్త. అద్దం లెక్క."

ఇంకోరోజు, "నాకు అందేటట్టు..." అన్నాను.

"నీకోసమే గదనే కట్టిస్తున్న!" అన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానే. ఆ ప్రేమ ముందు నా మిగిలిన సగం మాట నోట్లోనే ఉండిపోయింది.

నేను మాట మొదలుపెడితే ఆయన పూర్తిచేస్తాడు. ఎప్పటి నుంచో అంతే. కూర గురించైనా, పుట్టింటికి పోవడం గురించైనా, కడుపు నిలవలేదని డాక్టరమ్మ దగ్గర చెప్పేటప్పుడైనా. నాకు ఎక్కడ నొప్పి పుట్టిందో డాక్టరమ్మకు ఆయనే చెప్పాడు. ఆమె కాయితం మీద అదే రాసుకుంది.

మా అత్త సాయవ్వకు ఈ కొత్త వంటిల్లు మొదటి నుంచీ కిట్టలేదు. పొద్దున లేచింది మొదలు సూటిపోటి మాటలే. "నిలవడి వండుడు, నిలవడి తినుడు. ఇగ నిలవడి పండుకుంటె ఐపాయె" అనేది. "బజార్ల తిరిగే కాళ్ళకు కూసునుడు ఎట్లొస్తది" అనేది. ఆమె తెల్లవారుతూనే కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే మా గల్లీ లేచేది. కూర్చున్న చోటి నుంచి లేవాలంటే మాత్రం ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నాకు. మాటలు పడుతూనే చెయ్యి అందించేదాన్ని.

ముత్తన్న మేస్త్రీ వచ్చి ముగ్గు పోసిన రోజు నేను వర్నిలో ఎవరివో కిటికీలు కొలుస్తున్నాను. సాయంత్రం వచ్చేసరికి మాటలన్నీ అయిపోయాయి. గట్టు ఎంత ఎత్తు పెట్టాలని ముత్తన్న అడిగాడట. పేతురు గోడకు ఆనుకుని నిలబడి, తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడట. ఇది నాకు మా అత్త చెప్పింది. "గంతెత్తు పెట్టిస్తున్నవు, గామె అందుకుంటదా అని నేనంటి. అలవాటైతది తియ్యి అన్నడు" అంది. అని, వేళాకోళంగా నా వైపు చూసి నవ్వింది. "నిచ్చెన ఏసుకొని వండు."

ఆదివారం చర్చిలో పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నిలవడి వండే వంటిల్లు గావాలని పేతురును సతాయించి సాధించినవట గదా. అదృష్టం జేసుకున్నవమ్మా. మా ఇంట్ల నా మాట ఎవరింటరు" అంది. నేను తల ఊపాను. ఏమని చెప్పాలి? సతాయించింది నేను కాదని చెబితే ఇంకెవరని అడుగుతుంది.

అది ఎవరో నాకు ఆ వారంలోనే తెలిసింది.

మా దుకాణానికి నాలుగడుగుల అవతల రాజనర్సు బండల దుకాణం. చిచ్చా ఒక గుడ్డ ముక్క ఇచ్చి, "రాజనర్సుకు చూపించి రా. వాళ్ళ హాలుకు ఇది సరేనా అడుగు" అని పంపాడు. ఆ దుకాణం వాకిట్లో పెద్ద పెద్ద రాళ్ళను నిలబెట్టి వరసగా ఆనించి ఉంచుతారు. వాటి మధ్య నుంచి పోతుంటే అవతల పేతురు గొంతు వినబడింది. షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు. నేను ఆగిపోయాను.

"గిదే దీస్కపో పేతురూ. మొఖం కనవడ్తది దీంట్ల" అంటున్నాడు రాజనర్సు.

"నాకు నచ్చిందే సేటూ. మా ఇంట్ల ఒప్పుకోవాలె గదా. షాన పట్టుదల మనిషి."

"ఎవరు, శారమ్మనా? నోట్ల నాలుక లేనట్టుంటది గద!"

"నీకు గట్ల కనవడ్తది. మొన్న షాబాదు బండ ఏద్దామన్న పాపానికి రెండు పూటలు అన్నం ముట్టలే. గట్టు ఎత్తుండాలె, రాయి మెరువాలె. ఒక్కతీరుగ సతాయిస్తున్నది. ఇది జర తక్కువల ఇయ్యి, లేకుంటె ఇంటికి పోతె నాకు అన్నం పెట్టది."

ఇద్దరూ నవ్వారు. "బయపడకు, జెప్త తియ్యి ఒక మాట. అందరిండ్లల్ల గదే కథ" అన్నాడు రాజనర్సు.

నేను ఆ రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాను. ముందు ఒళ్ళు మండింది. అన్నం ముట్టలేదా నేను? జ్వరం వచ్చిన రోజు కూడా ఆయన కంచం కడిగి నా కంచం పెట్టుకున్నదాన్ని. ఆ మంట చల్లారాక ఏదో ఒక ఆశ లోపలి నుంచి మెల్లగా లేచింది. పేతురు చెబుతున్న ఆమె ఎంత బాగుంది! ఆమెకు ఏం కావాలో ఆమెకు తెలుసు. నోరు తెరిచి అడుగుతుంది. ఇవ్వకపోతే కంచం పక్కకు జరుపుతుంది. ఆమెను చూసి మొగుడు భయపడతాడు, ఆ భయం చెప్పుకుని బజార్లో నవ్వుకుంటాడు, ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంది. ఆయన ఇన్నేళ్ళూ నాతో మాట్లాడిన మాటల్లో నా గురించి అంత వివరం ఎన్నడూ లేదు. ఆమె గురించి అంత ఇష్టంగా చెప్పే మనిషి నాతో ఒక్క పూట అట్లా మాట్లాడితే ఎంత బాగుండేది. ఆమె చెయ్యి పట్టుకుని, నువ్వు ఎక్కడుంటావు, ఒకసారి మా ఇంటికి రా అని పిలవాలనిపించింది.

ఆమె కోసం గట్టు కడుతున్నారు. దాని ముందు నిలబడి వండవలసింది నేను.

గుడ్డ ముక్క చూపించకుండానే తిరిగి వచ్చాను. చిచ్చా అద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు.

"ఏమన్నడు?"

"ఆడ గిరాకీ ఉంది చిచ్చా, మర్ల పోత." కాసేపు ఆగి అడిగాను. "ఇంట్ల అడిగి చెప్త అని పోయినోళ్ళు మర్ల వస్తరా?"

ఆయన గట్టిగా నవ్వాడు. "పిచ్చిదానా! గది సలాం జెప్పినట్టు. ధర పడకుంటె గట్ల అంటరు. ఇంట్ల ఎవలు అడుగుతరు?"

"మీరు అడుగుతరా, మీ ఇంట్ల?"

నేను అట్లా అడుగుతానని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు. చిచ్చా మీటరు కర్రను బల్ల మీద ఇటు నుంచి అటు జరిపాడు. "మా బేగంకు అన్నీ ఇష్టమే" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున తోపుడుబండి మీద నల్లరాయి వచ్చింది. నేను దుకాణానికి పోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పలేదు, పని ఉందని చెప్పి పంపాను. కొత్త వంటింట్లో ముత్తన్న ఇటుక గోడలు లేపి ఉంచాడు. రాయి ఎక్కించడమే మిగిలింది. సిమెంటు వాసన, తడి ఇసుక. గుమ్మంలో మా అత్త ఒక పీట వేసుకుని కూర్చుని జరిగేదంతా చూస్తోంది. పేతురు రాయి మీద చెయ్యి పెట్టి నిమురుతున్నాడు.

ముత్తన్న ఇటుకల మీద దారం పట్టి చూసి, "ఇంకొక వరస ఎక్కియ్యాల్నా, ఇది సాలునా పేతురన్నా? రాయి వెట్టినంక మాట మారిస్తె నాతోని గాదు. ఇంట్ల అడిగినవా?" అన్నాడు.

అందరు మేస్త్రీలూ అనేట్టే అన్నాడు. అనడం అలవాటు కాబట్టి.

"అడిగిన, అడిగిన. ఎత్తే గావాలన్నది" అన్నాడు పేతురు. నేను అక్కడే, ఆయన వెనక, చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అడుగలే" అన్నాను.

గొంతు నాదేనా అనిపించింది. పేతురు వెనక్కి తిరిగాడు. నవ్వుతున్నాడు, నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "ఏందే?"

"నన్ను అడుగలే. ఎత్తు గావాలన్నది నేను గాదు."

"మరెవరు?"

"రాజనర్సు సేటు దుకాన్ల జెప్పినవు గదా. రెండు పూటలు అన్నం ముట్టనామె. ఆమెను తోల్కరా. ఆమె వండుతనంటె గింతే ఎత్తు ఉంచుమను. ఆమె రాకుంటె మాత్రం నేనే గద వండేది."

ముత్తన్న తల వంచుకుని తాపీకి అంటిన సిమెంటు గోకడం మొదలుపెట్టాడు. నవ్వు ఆపుకుంటున్నాడని అతని చెవులు చూస్తే తెలుస్తోంది. పేతురు మొహం ఎర్రబడింది.

"దొంగతనంగ నా మాటలింటున్నవా?"

"నీ మాటలు గావు. అవి నా మాటలట. నేను అనలేదు, ఎట్లుంటయో విందామని నిలవడ్డ."

"లోకమంత గట్లనే మాట్లాడుతరే! బేరం కాడ ఏదో అంటం. గంతదానికి పరాయి మనిషి ముందు నా ఇజ్జత్ తీస్తున్నవా? ఎవరి కోసం కట్టిస్తున్న నేను? నా కోసమా?"

ఈసారి ఆ మాట నన్ను ఆపలేదు. "నాకోసమైతే నా ఎత్తుకు కట్టియ్యి" అన్నాను.

ఆయన ఏదో అనబోయాడు. నా మాట మధ్యలో అందుకుని పూర్తిచేయడానికి ఏమీ మిగల్లేదు, అది అప్పటికే పూర్తయింది. ఆయన కాసేపు రాయి వైపు, కాసేపు నా వైపు చూశాడు. నేను ఎంత పొట్టిగా ఉంటానో అప్పుడే గమనించినట్టు తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. చూసి, బయట గోడకు ఆనించిన సైకిలు దగ్గరికి పోయి ఊరికే దాని చైను సర్దుతూ నిలబడ్డాడు. పోలేదు. లోపలికి కూడా రాలేదు.

"ఎంతెత్తు వెట్టాలె చెల్లె?" అని అడిగాడు ముత్తన్న.

నా దగ్గర జవాబు ఉండాలి. ఊళ్ళో ఇళ్ళన్నీ కొలిచేదాన్ని. నా ఎత్తు మాత్రం ఎన్నడూ కొలుచుకోలేదు. నేను పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. మోచెయ్యి మడిచాను. ముత్తన్న చెవి మీది పెన్సిలు తీసి, వంగి, నా మోచేతికి కొంచెం కింద గోడ మీద గీత గీశాడు. గీయడం అయిపోయింది. అతను వెనక్కి జరిగాడు. నేను జరగలేదు. వెన్నుకు గోడ చల్లగా తగులుతోంది. ఈ లోకంలో ఒక వస్తువు నన్ను చూసి, నా ఒళ్ళు ఇంత అని తెలుసుకుని తయారవబోతోంది. ఇంకొంచెం సేపు అట్లాగే ఉంటే బాగుండుననిపించింది.

"రెండు వరసలు దియ్యాలె" అన్నాడు ముత్తన్న, తనలో తానే. సుత్తి అందుకున్నాడు.

అప్పుడు గుమ్మంలో నుంచి మా అత్త గొంతు వినబడింది. ఎప్పుడూ ఉండే వేళాకోళం అందులో లేదు. చాలా చిన్నగా, ఎవరినో దారి అడుగుతున్నట్టు ఉంది.

"మరి నేను రొట్టె ఏడ కొట్టాలె బిడ్డా?"

ముత్తన్న సుత్తి ఆగింది. బయట సైకిలు చైను చప్పుడు కూడా ఆగింది.

"నిలవడితె నా మోకాళ్ళు ఆగయి. రేకులు దీసేస్తడట. పొయ్యి గూడ తీసేస్తడట. ఎవలింటికి బోయి కొట్టాలె?"

ఇన్ని నెలలుగా ఆమె విసిరిన మాటలన్నీ ఒక్కటొక్కటే నాకు మళ్ళీ వినబడ్డాయి. అన్నిటి కిందా ఇదే ఉంది. పేతురు గుమ్మం దాకా వచ్చి, "అవ్వా, నువ్వింక రొట్టెలు కొట్టుడెందుకు, శారమ్మ జేస్తది గదా, కూసోని తిను" అన్నాడు. ఆమె కొడుకు వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది.

నేను పోయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ఆ గది వేరేగా ఉంది. గోడ మీది నా గీత చాలా పైన ఉంది.

"ఏడ గావాల్నో నువ్వే జెప్పు అత్తా" అన్నాను. "ముత్తన్న ఆడనే కడ్తడు."

ఆమె చీర కొంగుతో మూతి తుడుచుకుంది. ఇంటికి పెద్దదిక్కు అని అందరూ అనే ఆ మనిషి, మెడ మెల్లగా తిప్పుతూ, వెలుతురు ఎటు నుంచి వస్తుందో, గాలి ఎటు పోతుందో, తాను కూర్చుంటే వీపు ఎటు ఉంటుందో చూసుకుంటూ, ఆ గది నాలుగు మూలలూ చూడసాగింది. మేం ముగ్గురం ఎదురుచూస్తూ ఉన్నాం.